ముడి లేని కుట్టు

దారానికి ముడి వేయకూడదు. ఇన్నేళ్ళయినా రాధారాణికి అది కష్టంగానే ఉంటుంది. సూదిలోకి దారం ఎక్కించగానే చూపుడువేలూ బొటనవేలూ వాటంతటవే దాని కొసను చుట్టి ముడి వేయబోతాయి. పెళ్ళికాక ముందు నుంచీ జాకెట్లకు హుక్కులు కుట్టిన చేతులు మరి. ఇక్కడ అలా కుదరదు. ఈ జపాను పట్టుబట్టలకు బొత్తాలుండవు, హుక్కులుండవు. కట్టుకున్న మనిషి ఒంటి మీదే, మెడ దగ్గరా భుజాల మీదా నడుం మడతల్లోనూ పెద్ద పెద్ద పోగులు వేసి నిలబెట్టాలి. ఆట అయ్యాక కొస పట్టుకుని లాగితే దారమంతా ఒక్కసారిగా ఊడి రావాలి. ముడి ఉంటే పట్టు చిరుగుతుంది.

"ఊపిరి పీల్చండి," అంది, పళ్ళ మధ్య పట్టుకున్న సూది తీస్తూ.

విశ్వనాథం పీల్చాడు.

"వదలకండి, వదలకండి. ఆ... ఇప్పుడు వదలండి."

"నన్ను దిండుగలీబు కుట్టినట్టు కుడుతున్నావు."

"దిండయితే నయం. కదలదు, మాట్లాడదు."

ఆయన నవ్వేసరికి భుజాలు కదిలి వేసిన పోగు సాగింది. కింద మోకాళ్ళ మీద కూర్చుని నడుంపట్టీ పట్టుకున్న మార్గరెట్‌కి తెలుగు ఒక్క ముక్క రాదు, అయినా తనూ నవ్వింది. మార్గరెట్ రిటైరయిన లెక్కల టీచరు. పొడవాటి మనిషి, తెల్లటి పొట్టి జుట్టు. విశ్వనాథం చేరిన ఏడాదే ఆమె కూడా ఈ క్లాసులో చేరింది. ఆయన్ని 'విష్' అంటుంది. ఇంకెవరైనా అలా పిలిస్తే రాధారాణికి ఒళ్ళు మండేది.

జెర్సీ సిటీలోని ఆ కమ్యూనిటీ హాల్లో ఈ బుధవారం రిహార్సల్, శనివారం మధ్యాహ్నం ప్రదర్శన. నో అనే ఆ పాత జపాను నాటకంలో మనిషి వేదిక ఈ చివరి నుంచి ఆ చివరికి నడవడానికే మన దగ్గర ఒక అంకం అయిపోతుంది. ఇరవై ఏళ్ళు ఆఫీసులో మీటింగుల్లో మాట్లాడి మాట్లాడి విసిగిన విశ్వనాథానికి అదే నచ్చింది. ఆయనలాంటి విద్యార్థులకు సాధారణంగా మామూలు బట్టల్లో చిన్న చిన్న నాట్యాలే దక్కుతాయి. పట్టుబట్టలు కట్టి, కొయ్యముఖం తొడిగి, పూర్తి ఆట ఆడటం జన్మలో ఒకసారి దొరికితే గొప్ప. ఆయనకు దొరికింది. సముద్రం మీద వెళ్ళి తిరిగిరాని భర్త కోసం ఏటేటా తీరానికి వచ్చే ఆడమనిషి వేషం. మళ్ళీ దొరకదు. నేర్పే ఒనొదెరా అనే ఆవిడ వచ్చే నెలలో బట్టల పెట్టెలతో, ముఖాల పెట్టెలతో సహా జపాను వెళ్ళిపోతోంది. అందరూ ఆవిడను సెన్సే అంటారు, అంటే గురువుగారని.

సెన్సే చిన్న కొయ్యపెట్టె మూత తీసి, పట్టుగుడ్డ మడతలు విప్పి, ముఖాన్ని పైకెత్తింది. చెవుల దగ్గర తాళ్ళు దూర్చే కంతలుంటాయి, అక్కడ మాత్రమే పట్టుకోవాలి. బుగ్గల మీద వేలు పడకూడదు. ఆవిడ దాన్ని ఎప్పుడూ మాస్క్ అనదు, ముఖం అనే అంటుంది. విశ్వనాథం దానికి వంగి నమస్కరించి తన ముఖానికి ఆనించుకున్నాడు. రాధారాణి వెనకనుంచి తాళ్ళు లాగింది.

"సరిపోయిందా?"

"ఇంకొంచెం బిగించు."

నడివయసు స్త్రీ ముఖం. కళ్ళకు గోరంత కంతలు. ఆయన తల కాస్త ఎత్తితే ఆ ముఖం వెలిగింది, దించితే మబ్బు పట్టింది.

వేదిక నడుమెత్తు ఉంది. చుట్టూ పిట్టగోడలాంటిదేమీ లేదు. నాలుగు మూలలా తెల్లరంగు వేసిన ప్లాస్టిక్ గొట్టాలే స్తంభాలు. ముఖం తొడిగిన మనిషికి కాళ్ళ కింద ఏముందో కనపడదు కాబట్టి, కుడిచేతి వైపు ముందరి స్తంభాన్ని గురిపెట్టుకుని నడవాలి. ఆ స్తంభం చోటు కొలిచినప్పుడు టేపు ఒక కొస మార్గరెట్ పట్టుకుంది, రెండో కొస రాధారాణి పట్టుకుంది. మార్గరెట్ అంకె పైకి చదివి, మళ్ళీ కొలిచి, మళ్ళీ చదివి, నేలమీద ఎర్రటేపు అతికించింది.

డోలు దరువు మధ్య విశ్వనాథం పాదాలు నేలను వదలకుండా జారిస్తూ ముందుకు వచ్చాడు. స్తంభం దగ్గరకు రాగానే ఆగి తిరగాలి. ఆగలేదు. కుడిభుజం తగిలి గొట్టం పడిపోయింది, దొర్లుకుంటూ వేదిక కిందికి వెళ్ళింది. ఆయన కుడిపాదం ముందుభాగం గాలిలో ఉంది. వెనక గోడ దగ్గర సహాయకురాలి చోట్లో కూర్చున్న మార్గరెట్ డెబ్భై ఏళ్ళ మోకాళ్ళతో ఎలా లేచిందో, రెండు అంగల్లో వచ్చి ఆయన నడుంపట్టీ పట్టుకుని వెనక్కి లాగింది.

సెన్సే డోలు ఆపించింది.

"స్తంభం పెట్టింది ఎవరు?"

"నేనే," అంది మార్గరెట్ రొప్పుతూ.

"ఈయన అడుగులు సరిగ్గానే వేశారు. స్తంభం దాని చోట లేదు." సెన్సే విశ్వనాథం వైపు తిరిగింది. "మీకెలా కనిపించింది?"

ముఖం వెనకనుంచి ఆయన గొంతు నూతిలోంచి వచ్చినట్టు వచ్చింది. "కొంచెం ముందుకు జరిగినట్టుంది."

రాధారాణి నేలకేసి చూసింది. ఎర్రటేపు అతికించిన చోటే ఉంది. దానిమీద స్తంభం ఉందా లేదా అన్నదానికి మాత్రం ఇక సాక్ష్యం లేదు.

"ఎప్పుడూ రెండుసార్లు కొలుస్తాను," అంది మార్గరెట్.

"సహాయకుడంటే వెనక ఊరికే కూర్చునేవాడు కాదు," అంది సెన్సే మెల్లగా. ఆవిడకు కోపం వస్తే గొంతు తగ్గుతుంది. "పాత్రధారి పడిపోతే లేచి ఆ ఆట పూర్తిచేయాల్సినవాడు. మీకు ఆటంతా వచ్చు, నాకు తెలుసు. కానీ చూపు ఇక్కడ లేకపోతే వచ్చి ఏం లాభం? శనివారం వేరేవాళ్ళు కూర్చుంటారు. మీరు తలుపు దగ్గర ప్రోగ్రాం కాగితాలు ఇవ్వండి."

మార్గరెట్ వంగి నమస్కరించింది. లేచేటప్పుడు చేత్తో పట్టుకోవడానికి స్తంభం కోసం చూసింది, అది అక్కడ లేదు.

*

రైల్లో కిటికీవైపు ఆయన్ని కూర్చోబెట్టి రాధారాణి పక్కన కూర్చుంది. స్టేషను మెట్ల మీద ఆయన ఆమె మోచేయి పట్టుకునే దిగుతున్నాడు ఈమధ్య. చూసినవాళ్ళు ముచ్చటపడుతున్నారు.

"స్తంభం జరగలేదండీ," అంది రైలు కదిలాక.

ఆయన బయటికి చూస్తున్నాడు.

"టేపు రెండో కొస నేనే పట్టుకున్నాను."

"మెల్లగా."

"ఇక్కడ తెలుగెవరికి వచ్చు?"

"ఎడిసన్ వెళ్ళే రైల్లోనా? సగంమందికి."

నవ్వు రాలేదు ఆమెకు. ఆయన కుడికన్ను పోయిందని డాక్టరు చెప్పింది వేసవిలో. గ్లకోమా. ఎడమకన్ను తలుపు సందులోంచి చూసినట్టు మిగిలింది, చుక్కలు వేస్తూ దాన్నయినా కాపాడుకోవాలి. క్లినిక్ పార్కింగ్‌లో, కారులోనే, ఆయన ఆమె చేయి తీసి తన తల మీద పెట్టుకున్నాడు. ప్రదర్శన అయ్యేదాకా ఎవరికీ చెప్పకు, అమ్మాయి అదితికి కూడా, నా మీద ఒట్టు, అన్నాడు. అప్పట్నుంచి కారు ఆమే నడుపుతోంది. జెర్సీ సిటీ ట్రాఫిక్ అంటే భయం కాబట్టి అక్కడికి రైలు.

"ఆ ముఖం కడితే ఎవరికైనా కనిపించేది కంతలోంచే," అన్నాడు. "కళ్ళు బాగున్నవాడు దాంట్లో కంగారుపడతాడు. నాకు రోజూ అంతే కనిపిస్తోంది కనక అలవాటైపోయింది. చెప్పాలంటే వాళ్ళకంటే నేనే నయం."

"ఎదురుగా ఉన్నది కనిపిస్తుంది మీకు. స్తంభం ఉండేది కుడివైపు."

"ఈసారి అడుగులు లెక్కపెట్టుకుంటాను."

"పడితే?"

"పడను."

"పడకపోతే మార్గరెట్ సంగతేంటి?"

రైలు ఒక స్టేషన్‌లో ఆగి బయల్దేరింది.

"శనివారం అయ్యాక నేనే చెప్తాను. సెన్సే కాళ్ళు పట్టుకుని చెప్తాను, మార్గరెట్ కాళ్ళు పట్టుకుని చెప్తాను. ఒక్క శనివారం, రాధా. ఒట్టు వేశావు."

"మీ కన్ను గురించి చెప్పనని వేశాను. ఇంకొకరి నెత్తిన రుద్దమని వెయ్యలేదు."

ఎదుటి సీట్లో కుర్రాడు చెవుల్లోంచి ఇయర్‌ఫోన్లు తీసి మళ్ళీ పెట్టుకున్నాడు. తెలుగువాడే అయ్యుంటాడని ఆమెకు అనుమానం వచ్చి నోరు మూసుకుంది. ఎడిసన్‌లో దిగేటప్పుడు ఆయన చేయి గాలిలో ఆమె మోచేయి కోసం వెతికింది. ఇవ్వకూడదనుకుంది. ఇచ్చింది.

*

శుక్రవారం మధ్యాహ్నం మార్గరెట్ కారేసుకుని ఇంటికి వచ్చింది. ఒక చేతిలో సహాయకులు కట్టుకునే నల్ల కిమోనో, ఇంకో చేతిలో మిఠాయి పెట్టె.

"ఓక్ ట్రీ రోడ్‌లో ఆగాను. విష్‌కి ఇష్టం కదా, మైసూర్ పాక్. పేరు సరిగ్గా అన్నానా?"

"సరిగ్గానే అన్నావు. ఎందుకివన్నీ?"

"బుధవారం నా వల్ల ఆయన ప్రాణం మీదికి వచ్చింది."

రాధారాణి పెట్టె అందుకుంది. అది చేతిలో ఇటుకలా బరువుగా ఉంది. లోపలి గదిలో కార్పెట్ మీద పాదాలు జారుతున్న శబ్దం ఆగిపోయింది.

మార్గరెట్ స్థానంలో కూర్చోబోయే అమ్మాయి పొట్టి. ఆమెకు సరిపడేలా కిమోనో అంచు పైకి మడిచి కుట్టాలి. కుట్టేది రాధారాణి కాబట్టి ఆ బట్ట ఇక్కడికే రావాలి. మార్గరెట్ దాన్ని డైనింగ్ టేబుల్ మీద పరిచి, ముడతలు లేకుండా రెండు చేతులతో దువ్వింది. తర్వాత కుర్చీలో కూర్చుని కాఫీ కప్పును పట్టుకుంది, తాగలేదు.

"రాధా, ఒకటి అడగనా? తప్పుగా అనుకోకు."

"అడుగు."

"కొలిచేటప్పుడు టేపు నువ్వు పట్టుకున్నావా? లేక పట్టుకున్నావని నేను ఊహించుకున్నానా?"

రాధారాణి కళ్ళు గది గుమ్మం వైపు వెళ్ళాయి. విశ్వనాథం అక్కడ నిలబడి ఉన్నాడు. తల కొంచెం పక్కకు తిప్పి, ఎడమకంటికి మార్గరెట్ అందేలా.

"పట్టుకున్నాను," అంది రాధారాణి.

"మరి ఎంత వచ్చింది?"

"అంకె నీ వైపుంది. నువ్వే చదివావు."

అది అబద్ధం కాదు.

"అయితే అంతే," అంది మార్గరెట్ నెమ్మదిగా తలూపుతూ. "టేపు సరిగ్గానే పట్టారు, చదవడమే తప్పు. మా అమ్మకీ అంకెలతోనే మొదలైంది. ఫోన్ నంబర్లు, తర్వాత ఇంటి నంబరు. చివరికి నేనెవరో కూడా..." కప్పు కింద పెట్టింది. "సోమవారం డాక్టర్ దగ్గరికి వెళ్తున్నాను. మెమరీ టెస్ట్ చేస్తారట. నిన్న కూడా కూరలు కొని చిల్లర మూడుసార్లు చూసుకున్నాను. నవ్వొస్తోంది కదూ, లెక్కల టీచరు."

"మార్గరెట్," అన్నాడు విశ్వనాథం.

ఆమె గుమ్మం వైపు తిరిగింది. రాధారాణి చేతిలోని కత్తెర ఆగింది. చెప్పండి, అనుకుంది. ఇప్పుడు చెప్పండి. ఎదురుగా ఉంది. ఇక్కడ సెన్సే లేదు, ఎవరూ లేరు.

"మిఠాయికి థాంక్స్," అన్నాడాయన.

మార్గరెట్ వెళ్ళాక ఆ పెట్టె టేబుల్ మీద అలాగే ఉండిపోయింది. ఆయన దాని పక్కనుంచి రెండుసార్లు వంటింట్లోకి వెళ్ళి వచ్చాడు, తెరవలేదు. రాధారాణి నల్ల కిమోనో అంచు కుట్లు ఒక్కొక్కటే విప్పింది. అవి మార్గరెట్ సొంతంగా వేసుకున్నవి. వంకరటింకర కుట్లు, జానెడుకొక పెద్ద ముడి. ఇన్నేళ్ళూ రాధారాణి ఆ ముడుల్ని చూసి నవ్వుకునేది.

సాయంత్రానికి ప్లేనో నుంచి విమానంలో అదితి వచ్చింది. చెప్పులు విప్పకముందే తండ్రిని కౌగిలించుకుంది.

"నాన్నా, ఐ యామ్ సో ఎక్సైటెడ్! నా ఫ్రెండ్స్ అందరికీ చెప్పాను. వీడియో తీస్తాను, ఓకే?"

"వీడియో తీయనివ్వరే."

"ఒక్క ఫొటో? అమ్మా, నువ్వు చెప్పు సెన్సే ఆంటీకి." ఆయన కుడిపక్కకు వెళ్ళి ఫోన్ చూపించింది. "ఇదిగో, నేను పోస్టర్ చేశాను. చూడు... నాన్నా? ఇటు! ఏంటి, నా మీద కోపమా?"

"అన్నం తిందాం రండి," అంది రాధారాణి గట్టిగా. "చల్లారిపోతోంది." కుక్కరు ఇంకా విజిల్ కూడా వేయలేదు.

*

శనివారం అదితి కారు నడిపింది. హాలు తలుపు దగ్గర మార్గరెట్ బూడిదరంగు స్కర్టు వేసుకుని, కాగితాలు దొంతరగా పట్టుకుని నిలబడి ఉంది. "విష్, బాగా చెయ్యాలి," అంది. ఆయన తలూపాడు. ఆమె చేతిలో కాగితం పెట్టబోతే, కాగితం ఒకచోట, ఆయన చేయి ఇంకోచోట. రాధారాణి మధ్యలో అందుకుంది.

తెరవెనక గదిలో ఆయన్ని పీటమీద కూర్చోబెట్టి, తెల్లటి మేజోళ్ళు తొడిగే ముందు అరికాలిలో కాటుకతో చిన్న దిష్టిచుక్క పెట్టింది. సెన్సే చూడలేదు. ఒకదాని మీద ఒకటి పట్టు పొరలు వచ్చాయి. లోపల తెల్లది, పైన మట్టిరంగుది, ఆపైన అలల జరీ ఉన్న బరువైన అంగీ. సెన్సే మడతలు పట్టుకుంది, రాధారాణి కుట్టింది. బట్టకూ ఒంటికీ మధ్య వేలు పెట్టి సూది దించుతుంటే ఆయన గుండె ఆమె కణుపులకు తగులుతోంది. నిబ్బరంగా ఉన్నాడు. ఆమె మనసే సూది మీద లేదు.

"ఇంకా అరగంట పైన ఉంది," అంది సెన్సే. "ముందు పాటలు రెండున్నాయి. ముఖం తొడిగి ప్రశాంతంగా కూర్చోండి. ఆవిడ వచ్చేదాకా కదలొద్దు."

ఆవిడంటే ఆ పాత్ర. ముఖం తొడిగాక అద్దం ముందు కూర్చుని, అద్దంలో మనిషి తాను కాదనిపించేదాకా చూస్తూ ఉండాలి. ఈ ఆటలో అది పూజలాంటిది. సెన్సే పెట్టె తెరిచి ముఖం అందించింది. ఆయన నమస్కరించి పెట్టుకున్నాడు. రాధారాణి తాళ్ళు లాగింది.

"సరిపోయిందా?"

"ఇంకొంచెం."

"ఇప్పుడు?"

"చాలు."

వాద్యకారులను చూడటానికి సెన్సే తెర దాటి వెళ్ళింది. విశ్వనాథం చేతులు తొడలమీద పెట్టుకుని, నడుం నిటారుగా చేసి, ముఖం కుడివైపుకు తిప్పి చూడటం మొదలుపెట్టాడు.

బుధవారం అద్దం ఆ గోడకు ఆనించి ఉండింది. ఈవేళ ఆ పొట్టి అమ్మాయి దాన్ని ఎడమవైపుకు మార్చింది. కుడిగోడ మీద మేకుకు తగిలించి ఉన్నది రాధారాణి మెరూన్ రంగు కోటు. ఆయన దాన్నే చూస్తున్నాడు. తల పిసరంత దించి, మళ్ళీ పిసరంత ఎత్తి, శ్రద్ధగా, భక్తిగా.

"ఏం కనిపిస్తోంది?" అని అడిగింది రాధారాణి.

"ఆవిడే." నూతిలోంచి వచ్చినట్టున్న ఆ గొంతులో సంతోషం. "వచ్చేసింది రాధా. నన్నే చూస్తోంది."

ఆమె చేయి ఆయన భుజం మీదకు వెళ్ళింది. కొంచెం తిప్పితే చాలు. పీటను జానెడు జరిపితే అద్దానికి ఎదురుగా ఉంటాడు, జరిపినట్టు కూడా తెలియదు. తర్వాత తెర లేస్తుంది. అడుగులు లెక్కపెట్టుకుంటాడు. పడకపోవచ్చు. ఇంత ఆశ పడ్డాడు. బయట తలుపు తెరుచుకున్నప్పుడల్లా మార్గరెట్ గొంతు వినిపిస్తోంది. "వెల్‌కమ్. ఒకటి తీసుకోండి. అయ్యో, రెండిచ్చానా? క్షమించండి."

రాధారాణి చేయి వెనక్కి తీసుకుంది.

"అక్కడ అద్దం లేదండీ," అంది.

ఆయన కదలలేదు.

"అది నా కోటు."

తెర అవతల డోలు తాళ్ళు బిగిస్తున్నారు. టప్పు, టప్పుమని వేళ్ళతో వాయించి చూస్తున్నారు. విశ్వనాథం తల మెల్లగా కిందికి వంగింది. వంగేకొద్దీ నుదుటి నీడ కళ్ళమీద పడి, ఆ కొయ్యముఖం, భర్త తిరిగిరాని ఆ ఆడమనిషి ముఖం, మబ్బు పట్టింది.

"ఎంతసేపు చూశాను?"

"కాసేపే."

"నువ్వు తప్ప ఎవరైనా...?"

"లేరు."

ఇంకా ఏదైనా అంటాడనుకుంది. కోప్పడతాడనుకుంది, ఒట్టు గుర్తుచేస్తాడనుకుంది. ఆయన చేతులు పైకి లేచి, చెవుల దగ్గర, సరిగ్గా తాళ్ళ కంతల దగ్గర, ముఖాన్ని పట్టుకున్నాయి.

"ముడి విప్పు," అన్నాడు. "విప్పి మార్గరెట్‌ని పిలు. సెన్సేని కూడా."

ఆ మాట కోసమే కదా బుధవారం నుంచీ ఎదురుచూసింది. తీరా విన్నాక తాళ్ళు విప్పడానికి వేళ్ళు రాలేదు.

*

మార్గరెట్ చేతిలో కాగితాల దొంతరతోనే వచ్చింది. సెన్సే తెర దగ్గరే నిలబడిపోయింది. విశ్వనాథం ముఖాన్ని పట్టుగుడ్డ మీద పెట్టి, ఆమె అడుగులు వినిపించిన వైపు తిరిగాడు.

"స్తంభం జరగలేదు మార్గరెట్. నువ్వు సరిగ్గానే కొలిచావు. నాకు కనపడలేదు. కుడికన్ను వేసవిలోనే పోయింది."

మార్గరెట్ కాగితాలు బల్లమీద పెట్టి అంచులు సరిచేసింది.

"నేను నిద్రపోలేదు విష్," అంది. "బుధవారం నుంచి. స్టవ్ ఆపానా లేదా అని అర్ధరాత్రి లేచి చూసుకున్నాను. మా అన్నయ్యకి ఫోన్ చేసి ఇల్లు ఎవరి పేర పెట్టాలో మాట్లాడాను. అర్థమవుతోందా నీకు?"

"అవుతోంది."

"లేదు. అవట్లేదు." ఆమె రాధారాణి వైపు చూసింది. "నీకు తెలుసు."

"తెలుసు," అంది రాధారాణి.

సెన్సే వచ్చి మార్గరెట్ ఎదుట నిలబడి నడుం దాకా వంగింది. చాలాసేపు లేవలేదు. లేచాక గొంతు ఎప్పటిలాగే ఉంది. "పాత్రధారి పడిపోయారు. ఆట ఉంది. మీకు ఆటంతా వచ్చు."

"నేను చెయ్యను," అంది మార్గరెట్. "ఆయన బట్టల్లో నేను చెయ్యను."

"అవి ఆయన బట్టలు కావు. ఆ తీరానికి వచ్చిన ఆవిడవి. కోపం మీదే, ఉంచుకోండి. ఆట అయ్యాక కావలసినంత కోప్పడండి." విశ్వనాథం వైపు తిరిగింది. "మీరు వెనక కూర్చోండి. సహాయకుడి చోట. మాట అందించడానికి కళ్ళు అక్కర్లేదు."

మార్గరెట్ కిటికీలోంచి బయటికి చూస్తూ ఉంది. తర్వాత బూట్ల జిప్పులు తీయడం మొదలుపెట్టింది.

రాధారాణి ఆయన మెడ వెనక దారం కొస పట్టుకుని లాగింది. రాలేదు. ఇంకొంచెం లాగింది. పట్టు ముడుచుకుపోయింది. వేలితో తడిమితే తగిలింది. ముడి. భుజం దగ్గర చూసింది, అక్కడా ముడి. నడుం దగ్గరా. ఇందాక అన్ని చోట్లా వేసింది, ఒక్కటీ తెలియకుండా.

"ఏమైంది?" అన్నాడాయన.

"ఏం లేదు. ఉండండి."

పట్టు దగ్గర కత్తెర పెట్టే ధైర్యం లేకపోయింది. వంగి, ఆయన మెడకు చెంప ఆనించి, ముడిని పళ్ళతో కొరికింది. ఒకప్పుడు చొక్కా బొత్తాలు కుట్టి ఇలాగే కొరికేది, ఆఫీసుకు టైమైపోతోందని ఆయన గొణుగుతుండగా. ఇప్పుడు ఆయన గొణగలేదు. ఒక్కొక్క పొరా బరువు దిగుతుంటే చేతులు చాచి నిలబడ్డాడు, కొలతలు ఇచ్చే పిల్లాడిలా.

అవే పొరలు మార్గరెట్‌కు కట్టారు. ఆమె పొడవుకు నడుం దగ్గర మడత తగ్గించాల్సి వచ్చింది. ఈసారి దారం ఎక్కించగానే రాధారాణి కొసను చూసుకుంది, ప్రతి పోగుకీ చూసుకుంది. ముఖం తొడిగి తాళ్ళు లాగుతూ "సరిపోయిందా?" అంటే మార్గరెట్ తలూపింది. అద్దంలోకి చూస్తూ ఉండిపోయింది.

వేదిక వెనక మూల చిన్న తలుపు ఉంది. సహాయకులు అందులోంచే, నడుం వంచి వెళ్తారు. వెంట తెచ్చుకున్న తన సొంత నల్ల కిమోనో కట్టుకున్న విశ్వనాథాన్ని రాధారాణి అక్కడిదాకా తీసుకెళ్ళింది. ఆయన ఆమె మోచేయి వదిలి, వెనక గోడకు చిటికెనవేలు ఆనించి, దాని వెంటే జారుతూ వెళ్ళి తన చోట కూర్చున్నాడు. సహాయకుడికి ముఖం ఉండదు, అంటే కొయ్యది ఉండదు. లైట్లన్నీ ఆయన బోసిముఖం మీద పడ్డాయి. మొదటి వరుసలో అదితి ఫోన్ దించేసింది. తండ్రి ముఖం వైపు చూసింది, ఆయన చూపు ఎటుందో చూసింది. చివరికి తల్లి కోసం పక్కతెర వైపు చూసింది.

మార్గరెట్ వచ్చింది. అడుగు అడుగుకీ నేలను వదలకుండా వచ్చి, కుడివైపు స్తంభం దగ్గర ఆగి, తిరిగింది. సముద్రం వైపు చేయెత్తింది. మాట రావాలి. రాలేదు.

డోలు ఒకసారి మోగి ఆగింది. మార్గరెట్ ఎత్తిన చేయి అలాగే ఉంది. జనం అదీ ఆటలో భాగమే అనుకున్నారు. ఆమె జరీ చేతి అంచు వణకడం రాధారాణికి కనిపించింది.

వెనకనుంచి, తగ్గుగొంతుతో, విశ్వనాథం ఆ మాట అందించాడు. ఇంటి కార్పెట్ మీద కొన్ని వందలసార్లు విన్న మాట, అర్థం రాధారాణికీ తెలుసు. 'వెళ్ళిన అలే వచ్చిందో, వేరే అలో.' ఆయన కళ్ళు ఎటో ఉన్నాయి, చెవులు మాత్రం ఆ వణుకుతున్న చేయి దగ్గరే ఉన్నాయి. మార్గరెట్ అందుకుంది. మళ్ళీ ఆగలేదు.

ఆట అయ్యాక మార్గరెట్ తెరవెనక పీటమీద కూర్చుంది. ముఖం తీసి సెన్సేకి ఇచ్చింది. చెమటకు తెల్లజుట్టు నుదుటికి అతుక్కుపోయింది. విశ్వనాథం చిన్న తలుపు దగ్గర గోడ పట్టుకుని నిలబడ్డాడు. దగ్గరికి రమ్మని ఆమె అనలేదు, ఆయనా రాలేదు.

"సోమవారం డాక్టర్ అపాయింట్‌మెంట్ కాన్సిల్ చెయ్యను," అంది మార్గరెట్ ఎవరినీ చూడకుండా. "నువ్వే నన్ను తీసుకెళ్తావు రాధా. దార్లో కాఫీ నువ్వే కొంటావు."

"కొంటాను."

రాధారాణి ఆమె మెడ వెనక దారం కొస వెతికి, రెండు వేళ్ళతో పట్టుకుని లాగింది. పోగు తర్వాత పోగు, చప్పుడు లేకుండా, భుజం మీదుగా నడుం దాకా, దారమంతా చేతిలోకి వచ్చేసింది. పట్టు మీద సూది పడిన గుర్తు కూడా లేదు.

"వచ్చేసిందా?" అని అడిగాడు విశ్వనాథం, గోడ దగ్గర్నుంచి.

"వచ్చేసింది," అంది ఆమె, దారం వేలికి చుట్టుకుంటూ.